మ అంటే మడత

డాక్టరు నా ముక్కులోంచి గొంతులోకి సన్నటి కెమెరా దింపి, నా స్వరతంతువులను తెర మీద నాకే చూపించి, "ఇక మాట్లాడకండి" అన్నాడు. ఎన్నాళ్లని అడగబోయాను. "అదిగో, అదే వద్దంటున్నాను" అన్నాడు. గుసగుస కూడా కూడదట, అది ఇంకా చేటట. ఏళ్ల తరబడి అరిచి అరిచి తంతువుల మీద బుడిపెలు కట్టాయి, ఈ వేసవంతా నోరు మూసుకుంటే కరగొచ్చు, కరిగాక గొంతు ఎంత మిగులుతుందో మాత్రం మాట్లాడి చూస్తేగానీ తెలియదు అన్నాడు. ఆ చివరి ముక్క మందుల చీటీ రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకు మండదు? నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పేవాణ్ని. మైకు చేతికిస్తే పక్కన పెట్టేసే రకం. వెనక బెంచీలో కునికే కుర్రాడి దాకా నా గొంతు దానంతటదే వెళ్లాలి, అదీ నా పొగరు. మా ఆవిడ మేనేజరుకు ఫోన్ చేసి సంగతి చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను. "అయ్యో మేడమ్, సార్‌ని రెస్టు తీస్కోమనండి. మేం అడ్జస్టు చేస్కుంటాం. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు సార్ వచ్చి ఒక్క డెమో ఇస్తే చాలు" అన్నాడతను.

డెమో! ఆ సెంటరుకు సరైన బోర్డు కూడా లేని రోజుల్నించి పాఠం చెబుతున్న నేను, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు వాళ్ల ముందు నిలబడి డెమో ఇవ్వాలట. అడ్జస్టు అంటే ఏమిటో నాకు తెలియదా? నా క్లాసులో ఇంకొకణ్ని నిలబెట్టడం. వేసవి దాటేసరికి నా గొంతు రాకపోతే అక్కడ ఆ ఇంకొకడే ఉంటాడు, నేనుండను. ఆ మాట అని నాలుగు తిట్టడానికి కూడా నోరు లేకుండా పోయింది.

మాట్లాడే మనిషి మాట మానేస్తే ఆ మాటంతా కాళ్లలోకి దిగుతుందని నాకప్పుడే తెలిసింది. కాలుకాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున్నే ఎల్బీనగర్‌లో మా ఇంటి నుంచి బయల్దేరడం, మెట్రో స్తంభాల నీడన కొత్తపేట, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవడం, అక్కణ్నుంచి ఊరికే వెనక్కి రావడం. షేర్ ఆటోవాడు "ఎక్కు అన్నా, ఖాళీ ఉన్నది" అంటే తల అడ్డంగా ఊపితే సరిపోదు, వాడికి జవాబు కావాలి. కొత్తపేటలో బండి మీద మామిడిపళ్లమ్మే ఆమెకు నా గొంతు చూపించి చెయ్యి ఊపాను. "అయ్యో పాపం, చెవుడా సారూ?" అని ఆమె నా చెవి దగ్గరికొచ్చి, "తియ్యగున్నయ్! పొద్దుగాల్నే బాటసింగారం పండ్ల మార్కెట్ కెల్లి తెచ్చిన!" అని అరిచింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండు పళ్లు కొనుక్కుని వచ్చేశాను.

ఒకరోజు కాళ్లు నన్ను మా సెంటరు సందులోకే తీసుకుపోయాయి. రెండో అంతస్తు కిటికీ తెరిచి ఉంది. మైకులో ఎవరో కుర్ర లెక్చరరు తిరిగే చక్రాల పాఠం చెబుతున్నాడు. నా పాఠం అది. జ్యూసు బండి పక్కన నిలబడి ఆ పాఠమంతా విన్నాను. ఎక్కడో ఒకచోట తప్పు చెప్పకపోతాడా అని. వెధవ, ఒక్క తప్పూ చెప్పలేదు. పైగా పిల్లలు నవ్వుతున్నారు కూడా. ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, మెట్రో ఎక్కి కళ్లు మూసుకున్నాను.

ఇంట్లో మరో చిత్రం. మా ఆవిడ బ్యాంకుకు పోయాక ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్తయ్యా. నాది తెనాలి. వాళ్లది పోచంపల్లి పక్కన నేత ఊరు. మామగారు పోయి, మగ్గం అమ్మేశాక అత్తయ్య మా దగ్గరికి వచ్చింది. వాళ్ల పద్ధతిలో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. నేను హాల్లోకి వస్తే ఆమె వంటింట్లోకి, నేను వంటింట్లోకి పోతే ఆమె బాల్కనీలోకి. కొంగు తల మీదికి లాక్కుని, మొహం అటు తిప్పుకుని, "సారును అన్నం తినుమను" అని కూతురితో అంటుంది. నేను అక్కడే చెయ్యి కడుక్కుంటూ ఉంటాను. "అత్తయ్యను కూడా కూర్చోమను" అని నేనూ మా ఆవిడతోనే అంటాను. పెళ్లయిన దగ్గర్నించీ మా ఆవిడే మా ఇద్దరి మధ్య పోస్టుమాన్. ఇప్పుడు పోస్టుమాన్ పగలంతా బ్యాంకులో. నాకు నోరు లేదు. నేను రాసి చూపించే పలక అత్తయ్యకు పనికిరాదు, ఆమెకు చదువు రాదు. ఇల్లంతా ఫ్యాను చప్పుడే.

కుట్టుమిషను దగ్గరికి నేను ప్రేమతో పోలేదు. చేతులకు ఏదో ఒక పని పడకపోతే ఎవరినైనా కొట్టేసేలా ఉన్నాను. బాల్కనీలో పూలకుండీల కింద మా అమ్మ మిషను ఉంది. కాలితో తొక్కేది. అమ్మ పోయాక తెనాలి నుంచి తెచ్చుకున్నాం గానీ దాని మీద తులసి కుండీ పెట్టడం తప్ప వాడింది లేదు. కుండీలు దింపి, తుడిచి, నూనె పోశాను. దాని సొరుగులో గుడ్డపీలికతో కట్టిన కాగితాల చుట్ట దొరికింది. అమ్మ కటింగులు.

మా అమ్మ రవికలు, గౌన్లు కుట్టేది కాదు, అవి దర్జీ పనులని ఆమె లెక్క. ఆమెవన్నీ ఇంటి వస్తువులు. దిండ్లకు గలీబులు, రేడియోకు కవరు, టీవీకి కుచ్చుల ముసుగు, విసనకర్ర అంచుకు గుడ్డ, రైల్లో మంచినీళ్ల చెంబు పెట్టుకునే భుజం సంచి. ప్రతిదానికీ పాత క్యాలెండరు కాగితం మీద ఆకారం గీసి కత్తిరించి ఉంచుకునేది. ఒకవైపు లక్ష్మీదేవి, రెండోవైపు గలీబు. వీధిలో ఎవరికి కావాలన్నా ఆ కాగితాలు అరువు పోయి వచ్చేవి. ఏ కాగితం ఏ వస్తువో గుర్తుకు వాటి మీద పెన్సిలుతో ఒక్కో అక్షరం వేసుకుంది. గ అంటే గలీబు. రే అంటే రేడియో. సం అంటే సంచి. ఒక చిన్న ముక్క అంచు వెంట మ అని ఉంది. మ అంటే మసిగుడ్డ. న్యూటన్ సూత్రాలు నోటికి చెప్పేవాడికి ఇందులో సందేహమేముంటుంది?

పాత దుప్పటి చింపి మొదట ఆ మసిగుడ్డే కుట్టాను. రెండు పొరలు పెట్టి, చుట్టూ కుట్టు వేసి, వంటింటి గట్టు మీద పెట్టి వచ్చాను. మరీ చిన్నదిగా వచ్చింది గానీ, అమ్మ గిన్నెలు చిన్నవి కాబోలు అనుకున్నాను. కాసేపటికి వంటింట్లోంచి వినిపించింది. "ఓ పొయ్యీ, గిది మసిబట్టనా, అగ్గిపెట్టె కింద పరిచే రుమాలా? చేతి ఏళ్లు కాలుతయ్ గదనే!"

పొయ్యితో మాట్లాడుతోంది అత్తయ్య! నేను హాల్లో పళ్లు నూరుతూ కూర్చున్నాను. నేను జవాబివ్వలేనని ఆమెకు తెలుసు. ఆమె నాతో నేరుగా అనే వీల్లేదని నాకు తెలుసు. ఇంతకన్నా సుఖమైన తిట్టు ఎక్కడుంటుంది?

ఆ రోజు నుంచి ఆమె వస్తువులతో మాట్లాడటం మరిగింది. మిషను కింద దారం ఉండలు కట్టుకుపోతుంటే, బట్టలు ఆరేసే మిషతో బాల్కనీలోకి వచ్చి, మొహం గ్రిల్లు వైపు తిప్పి, "ఏయ్ మిషనూ, నీ కండె ఉల్టా పెట్టుకున్నవ్, జర సూసుకో" అంది. మిషను అడుగున తిరిగే దారపు బాబిన్ను ఆమె కండె అంటుంది, మగ్గానికి నూలు చుట్టే పుల్ల పేరు అది. తీసి చూస్తే నిజంగానే తిరగేసి ఉంది. తిప్పి పెట్టాను. మిషను సాఫీగా పరుగెత్తింది. "గట్లుండాలె" అని మిషనును మెచ్చుకుని వెళ్లిపోయింది.

గలీబు బాగా వచ్చింది. అమ్మ గలీబుకు గుండీలుండవు, పడుకుంటే చెంపకు నొక్కుకుంటాయని. దిండును లోపలికి మింగేసే మడత ఒకటి ఉంటుంది. అది కుట్టి దిండుకు తొడిగితే అత్తయ్య ఆ దిండునే పలకరించింది. "మెత్తా, నీకు మంచిగ పట్టింది ఈ గలీబు." దిండును వాళ్లు మెత్త అంటారు. రేడియో కాగితం చూస్తే ఇంట్లో రేడియో లేదు. కొలిచి చూసి ఇంటర్నెట్ డబ్బాకు కవరు కుట్టి, ముందు రెండు గుండీలు పెట్టి తొడిగాను. మా ఆవిడ బ్యాంకు నుంచి వచ్చి, "ఏమైంది మీకు? నెట్టుకు చలి పెడ్తున్నదా?" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. పలక మీద రాశాను: దుమ్ము. "ముందు మీ బుర్ర మీది దుమ్ము దులపాలె" అని కవరు తీసి నా చేతిలో పెట్టింది.

నవ్వులాటలా చెబుతున్నాను గానీ, ఆ వేసవి నాకు స్థిమితం లేదు. మిషను తొక్కుతుంటే తొక్కినంతసేపూ బాగుండేది. కాలు ఆగిందా, కొత్త బ్యాచ్ గుర్తొచ్చేది. ఒక్కో కుట్టు వేయడం, నచ్చక విప్పడం, మళ్లీ వేయడం. లేచి నాలుగు గదులూ తిరగడం. గొంతు మీద వేలు పెట్టి నొక్కి చూసుకోవడం. బుడిపెలు కరుగుతున్నాయో లేదో వేలికి తెలుస్తుందా? తెలియదని తెలుసు. అయినా నొక్కేవాణ్ని.

చివరికి డాక్టరు మళ్లీ కెమెరా దింపి చూశాడు. "వాపు తగ్గింది. బుడిపెలు దాదాపు పోయాయి. ఇవాళ్టి నుంచి మెల్లగా మాట్లాడండి" అన్నాడు. ఏదీ, ఒక మాట అనండి చూద్దాం అన్నాడు కూడా. నేను తల ఊపి, చెయ్యి ఎత్తి దండం పెట్టి వచ్చేశాను. మా ఆవిడ దారంతా పోరింది. "జర నా పేరన్న పిలువున్రి. ఒక్కసారి." నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

భయం. అంతే, ఇంకేం లేదు. మాట్లాడనంతవరకు నా గొంతు బాగైనట్టే. మాట్లాడితే తేలిపోతుంది. మేనేజరు ఫోన్ చేసి సోమవారం డెమో అన్నాడు. "ఆ ఇంకో సార్ కూడా ఇస్తున్నారు, పిల్లలు ఎవర్ని ఎన్నుకుంటే వాళ్లు" అన్నాడు, ఎంతో మర్యాదగా. నేను ఫోను మా ఆవిడ చేతికిచ్చేశాను. మాట్లాడమని అనుమతి వచ్చాక కూడా మూగవాడిలా పలక పట్టుకుని తిరిగాను. మా ఆవిడ కోపం వచ్చి పలక దాచేసింది.

శుక్రవారం ఆమె బ్యాంకుకు పోయాక, నేను మిషను ముందు ఊరికే కూర్చుని ఉంటే, అత్తయ్య తన సందూగ తెరిచిన చప్పుడైంది. ఇనుప పెట్టె అది, ఊరి నుంచి తెచ్చుకున్నది. బాల్కనీలోకి వచ్చి, నా వైపు చూడకుండా, మడిచిన గుడ్డ ఒకటి మిషను మీద పెట్టింది. ఎర్రటి నేల మీద నలుపు, తెలుపు గళ్లు, నడిమధ్యన ఒక పెద్ద పువ్వు. నూలుకు ముందే చిటికి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసిన గుడ్డ. మామగారు మగ్గం దిగే ముందు ఆఖరుగా నేసిన గుడ్డ అదేనని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది.

"ఓ మిషనూ" అంది అత్తయ్య. "దీనితోని నాకొక సంచి కుట్టు. ఊరికి పోయినప్పుడల్ల ప్లాస్టిక్ కవర్లు పట్టుకపోతుంటె మా వాడకట్టోళ్లు నవ్వుతున్నరు. మగ్గం నేసినోని పెండ్లానికి చేతిల సంచి లేదా అని."

నాకు చాలా గర్వమనిపించింది, దాచడమెందుకు. వేసవంతా ఎగతాళి చేసిన మనిషి ఆ గుడ్డ తెచ్చి నా కత్తెర ముందు పెట్టింది. అమ్మ కాగితాల్లోంచి సం తీశాను. భుజానికి తగిలించుకునే సంచి, పట్టీ విడిగా అతికే పని లేకుండా సంచితోపాటే ఒకే ముక్కగా వచ్చేది. కాగితం ఒక పక్క అంచు వెంట మ అని కూడా ఉంది. అమ్మ పొదుపు మనిషి, సంచి కాగితం అంచునే మసిగుడ్డ కొలతకూ వాడుకుంది కాబోలు అనుకున్నాను. గుడ్డ రెండు పొరలుగా పరిచి, కాగితం పెట్టి, గుండుసూదులు గుచ్చి, మ ఉన్న అంచు వెంట కూడా నీటుగా, తిన్నగా, లెక్చరరు గీత గీసినట్టు కత్తిరించాను.

ముక్కలు విడదీసి చూశాను. సంచి సన్నగా ఉంది. పట్టీ ఒక పక్కనే ఉంది. రెండో ముక్కకూ అంతే. పువ్వు నిలువునా చీలి, సగం ఇటు, సగం పనికిరాని పీలికల్లో ఉంది.

అప్పుడు అర్థమైంది. మ అంటే మసిగుడ్డ కాదు. మ అంటే మడత. ఆ కాగితం మీద ఉన్నది సగం బొమ్మే. ఆ అంచును గుడ్డ మడత మీద పెట్టి, ఆ వైపు కొయ్యకుండా వదిలేస్తే, విప్పినప్పుడు రెండో సగం దానంతటదే వస్తుంది. కుట్టుపని వచ్చిన ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. నేను మడత ఉండాల్సిన చోట కత్తెర పెట్టాను. నేను మసిగుడ్డ అనుకుని కుట్టింది కూడా ఏదో వస్తువులో సగమే అన్నమాట. మామగారి చేతి గుడ్డ ఇంక ఈ లోకంలో ఎక్కడా దొరకదు.

"అయ్యో!" అన్నాను.

అన్నాననుకున్నాను. బయటికి వచ్చింది సగం గాలి, సగం గరగర. తలుపు సందులోంచి ఈదురుగాలి దూరినట్టుంది. నా చెవులకే అది ఎవరిదో అనిపించింది. గొంతు సవరించుకుని, ఊపిరి నిండా పీల్చి, క్లాసులో నిలబడ్డట్టు నిలబడి మళ్లీ అన్నాను. ఈసారి మొదటి అక్షరం రానే లేదు. మూడోసారి గాలి ఒక్కటే వచ్చింది.

కూలబడ్డాను. వెనక బెంచీ సంగతి దేవుడెరుగు, మొదటి బెంచీ దాకా కూడా పోదది. నాకు ఏడుపొచ్చింది. గుడ్డ ముక్కలు ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా, చప్పుడు చెయ్యడానికి కూడా ఏమీ లేక, ఏడ్చాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ముక్కలు చూసి గుండెలు బాదుకుంటుందనుకున్నాను. ఆమె వాటి వంక చూడలేదు.

"రాలె గద బిడ్డా?" అంది.

అలవాటు కొద్దీ నేను మిషను వైపు చూశాను, దానితో అంటోందని. ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఇన్నేళ్లలో ఆమె కళ్ల రంగు నాకు తెలియదు. తేనె రంగు.

"గుడ్డ..." అనబోయాను పెదాలతో.

"గుడ్డ సంగతి ఇడిసిపెట్టు. నడిమిట్ల ఒక అతుకు పడుతది, అంతే గద. నీ సంగతి చెప్పు."

నేను తల అడ్డంగా ఊపాను. రాలేదని.

ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. భుజం దగ్గర ఆగిపోయింది. ఎడమచేత్తో పట్టుకుని పైకి నెట్టినా కదల్లేదు. "సూసినవా? గింతే లేస్తది. చిన్నప్పటిసంది ఆసు పోసిన. మేకుల సుట్టు దారం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒక్కొక్క చీరకు వేలసార్లు చెయ్యాడాలె. ఓనాడు జబ్బ పట్టుకపోయింది. దవాఖానల తిప్పిండ్రు, నూనెలు రాసిండ్రు. వస్తది, వస్తది అని అందరు అన్నరు. మీ మామ గూడ అన్నడు. నేను ఎదురుసూసిన బిడ్డా, ఏండ్లకేండ్లు. రాలె." చెయ్యి మెల్లగా దించుకుంది. "వస్తదని నేను నీకు సెప్ప."

ఆ వేసవి మొత్తంలో నాకు ఆ మాట చెప్పినవాళ్లు ఎవరూ లేరు. డాక్టరు చూద్దామన్నాడు. మేనేజరు ఆల్ ది బెస్ట్ అన్నాడు. మా ఆవిడ తప్పకుండా వస్తదని రోజూ అంటూనే ఉంది, పాపం. వినీ వినీ నాకు వాళ్ల మీద కోపమే వచ్చింది. ఈమె వస్తదని చెప్పనన్నందుకు ఎందుకో ఊపిరి తీసుకోగలిగాను.

"వచ్చినంతనే మాట్లాడు" అంది. "గట్టిగ ఎందుకు? నేనే దగ్గరికొచ్చి ఇంట."

వంటింట్లోంచి ముక్కాలి పీట ఒకటి కాలితో జరుపుకుంటూ తెచ్చుకుని నా ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. కొంగు తల మీద నుంచి జారింది. ఆమె సర్దుకోలేదు. ముందుకు వంగి చెవి నా వైపు పెట్టింది.

బయట ఆటోలు, కింద ఎవరో కూరగాయలు, కూరగాయలని అరుపు. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినిపించదు. అయినా చెప్పాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు, నాలో నేను కూడా అనుకోలేదు.

"సోమవారం నేను పోలేను అత్తయ్యా. ఇంక ఎప్పటికీ పోలేను."

ఆమె చెవి వెనక్కి తీసుకుని నా వైపు తిరిగింది.

"ఇనవడ్డది" అంది.